దొరల యుద్ధం, పేదల చావు: ఒక పటాలం లెక్క

పటాలాల చరిత్ర రాసేవాళ్ళు మూడు లెక్కలు తప్పకుండా రాస్తారు. ఎంతమంది చేరారు, ఎంతమంది చచ్చారు, జెండా ఎంతదూరం పోయింది. నాలుగో లెక్క ఒకటుంది. ఎవరి కోసం? ఆ గడి మాత్రం ఖాళీగా ఉంటుంది. బడిపంతుళ్ళం కాబట్టి హాజరుపట్టీ చేతికి రాగానే మా కన్ను ముందు ఖాళీ గడి మీదికే పోతుంది. అందుకే ఈసారి అమెరికాలో ఒక పాత పటాలం హాజరుపట్టీ తీసుకుని కూర్చున్నాం.

దాని పేరు 26వ నార్త్ కరోలినా పటాలం. 1861 నుంచి 1865 దాకా అమెరికాలో జరిగిన అంతర్యుద్ధంలో దక్షిణాది వైపు, అంటే బానిసల దొరల వైపు, కాలినడకన పోరాడిన సిపాయిల పటాలం. దాని మీద పుస్తకాలొచ్చాయి. యుద్ధం జరిగిన చోట రాయి పాతారు. ఆ సిపాయిలు ధైర్యంగా పోరాడారన్నది నిజం. మేము కాదనం. ధైర్యం ఉన్నంత మాత్రాన న్యాయం ఉన్నట్టేనా అన్నదే మా ప్రశ్న.

అమెరికా సంగతి మనకెందుకయ్యా అనే అన్నలకి, అక్కలకి చివర్లో జవాబు చెబుతాం. అందాకా ఓపిక పట్టండి.

ఏమిటా యుద్ధం?

1860 జనాభా లెక్కల నాటికి అమెరికాలో సుమారు 40 లక్షల మంది నల్లవారు బానిసలు. మనిషిని కొనొచ్చు, అమ్మొచ్చు, అప్పుకి తాకట్టు పెట్టొచ్చు. తల్లిని ఒక దొరకి, బిడ్డని ఒక దొరకి అమ్మొచ్చు. పత్తి, పొగాకు, చెరకు, వరి, ఏది పండినా ఆ చెమటతోనే పండింది. బానిసత్వం కొత్త ప్రాంతాలకు పాకకూడదు అన్న పార్టీ తరఫున 1860లో లింకన్ గెలిచాడు. ఆ మాటకే దక్షిణాది దొరలు భగ్గుమన్నారు. ఒక్కొక్క రాష్ట్రం దేశం నుంచి విడిపోతున్నామంది. చివరికి 11 రాష్ట్రాలు చేరి వేరే ప్రభుత్వం పెట్టుకున్నాయి. దాన్నే కాన్ఫెడరసీ అంటారు.

అది దేనికోసం పుట్టిందో ఊహించి చెప్పాల్సిన పని లేదు. దాని ఉపాధ్యక్షుడు అలెగ్జాండర్ స్టీఫెన్స్ 1861 మార్చి 21న సవానా పట్నంలో సభపెట్టి చెప్పాడు. నల్లవాడు తెల్లవాడితో సమానం కాడని, వాడు కింద ఉండటమే సహజమని, తమ కొత్త ప్రభుత్వానికి అదే మూలరాయి అని. దాచుకోలేదు. ఓడిపోయాకే దాపరికం మొదలైంది. అప్పటినుంచి "మా రాష్ట్ర హక్కుల కోసం పోరాడాం" అన్న పాట ఎత్తుకున్నారు. ఏ హక్కు అని అడిగితే మాత్రం నోరు పెగలదు.

నార్త్ కరోలినా సంగతి ఇంకా చిత్రం. అక్కడ పది లక్షల జనంలో 3 లక్షల 31 వేల మంది బానిసలు. మూడోవంతు. బానిసలున్న తెల్ల కుటుంబాలు నూటికి ముప్పై లోపే. మిగతా తెల్లవాళ్ళకి బానిసలు లేరు. విడిపోవడం గురించి చర్చించే సభ పెట్టాలా వద్దా అని 1861 ఫిబ్రవరి 28న ఓటింగు పెడితే సుమారు 650 ఓట్ల తేడాతో వద్దన్నారు. ఏప్రిల్‌లో సమ్టర్ కోట మీద దక్షిణాది ఫిరంగులు పేలాయి. తిరుగుబాటు అణచడానికి సైన్యం ఇమ్మని లింకన్ అప్పటికి విడిపోని రాష్ట్రాలను అడిగాడు. గాలి తిరిగింది. మే 20న ఆ రాష్ట్రం కూడా విడిపోయింది. ఫిబ్రవరిలో వద్దన్న ఊళ్ళ నుంచే ఆగస్టులో పటాలం తయారైంది.

ఎవరు చేరారు, ఎవరు నడిపారు?

1861 ఆగస్టులో రాలీ పట్నం దగ్గర పది కంపెనీలు కలిపి ఈ పటాలం కట్టారు. ఆష్, విల్క్స్, కాల్డ్‌వెల్ లాంటి కొండ జిల్లాలవాళ్ళు, చాతం, మూర్, యూనియన్, ఆన్సన్ లాంటి మెట్ట జిల్లాలవాళ్ళు, రాజధాని ఉన్న వేక్ జిల్లావాళ్ళు. ఎక్కువమంది సొంత చెమటతో చిన్న కమతం దున్నుకునే రైతులు, రైతుబిడ్డలు. ఒక్కో కంపెనీకి ఒక్కో గొప్ప పేరు. ఒకరు "చాతం బాయ్స్", ఒకరు "పీ డీ వైల్డ్ క్యాట్స్", అంటే పీ డీ నది అడవిపిల్లులు. కుర్రకారుకి పేరొక్కటి చాలు గదా, ఊపొస్తుంది.

పైన ఎవరున్నారు? మొదటి కల్నల్ జెబులన్ వాన్స్. లాయరు, రాజకీయ నాయకుడు. బానిసలున్న కుటుంబం. మొదట్లో విడిపోవద్దన్నవాడే, సమ్టర్ తర్వాత ప్లేటు తిప్పాడు. 1862లో గవర్నర్ అయిపోయి పటాలం వదిలేశాడు. రెండో కల్నల్ హెన్రీ బర్గ్విన్. ఇరవై ఏళ్ళ కుర్రాడు. రోనోక్ నది పక్కన బానిసల చాకిరీతో నడిచే పెద్ద తోట వాళ్ళ నాన్నది. మిలిటరీ కాలేజీలో చదివాడు. తోట దొరబిడ్డ గుర్రమెక్కి ముందు నడిస్తే, కమతం రైతులు తుపాకీ భుజానేసుకుని వెనక నడిచారు. పటాలం మొత్తం అల్లిక అదే.

1862 మార్చి 14న న్యూ బెర్న్ అనే రేవుపట్నం దగ్గర మొదటి పెద్ద యుద్ధం. ఓడిపోయారు. వెనక్కి పారిపోతూ వాగు దాటలేక కొందరు మునిగి చచ్చారు. ఆ పట్నం ఉత్తరాది చేతికి చిక్కింది. ఈ పట్నం పేరు గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తాం. జూలై 1న వర్జీనియాలో మాల్వర్న్ హిల్ దగ్గర ఫిరంగులకు ఎదురు నడిపించారు.

ఇరవై మంది బానిసలుంటే ఇంట్లో కూర్చోవచ్చు

ఈలోగా దొరల ప్రభుత్వం రెండు చట్టాలు చేసింది. 1862 ఏప్రిల్ 16న నిర్బంధ భర్తీ. పద్దెనిమిది నుంచి ముప్పయ్యైదేళ్ళ తెల్ల మగవాళ్ళంతా సైన్యంలోకి రావాల్సిందే. ఏడాదికని చేరినవాళ్ళ గడువు మూడేళ్ళకు పొడిగించారు. డబ్బున్నవాడు తన బదులు ఇంకొకణ్ణి కొని పంపుకోవచ్చు. 1863 ఆఖరు దాకా ఆ బేరం నడిచింది.

రెండోది 1862 అక్టోబర్ 11న. ఇరవై మంది బానిసలు, ఆపైన ఉన్న తోటలో ఒక తెల్లవాడికి సైన్యం నుంచి మినహాయింపు. ఎందుకయ్యా అంటే బానిసలు తిరగబడకుండా కాపలా కాయాలట. గమనించారా? ఎవరి ఆస్తి కోసం యుద్ధమో వాళ్ళు ఆ ఆస్తిని చూపించే ఇంట్లో ఉండొచ్చు. ఒక్క బానిస కూడా లేనివాడు ఆ ఆస్తి కోసం పోయి చావాలి. ధనవంతుల యుద్ధం, పేదల పోరాటం అన్న మాట అప్పుడే అక్కడి పేద తెల్లవాళ్ళ నోట పుట్టింది. ఇది మేము అంటించిన మాట కాదు.

ఈ పటాలంలోనే ఒక ఆలుమగల కథ ఉంది. కొండ జిల్లావాళ్ళు, కీత్ బ్లేలాక్, మలిండా బ్లేలాక్. కీత్‌కి దొరల పక్షం ఇష్టం లేదు. అవకాశం దొరికితే ఉత్తరాది వైపు దాటుకోవచ్చని చేరాడు. మలిండా జుట్టు కత్తిరించుకుని, మగ బట్టలేసుకుని, శామ్ అని పేరు రాయించుకుని అదే ఎఫ్ కంపెనీలో చేరింది. దాటే వీలు చిక్కలేదు. కీత్ ఒంటికి దురదాకు పూసుకుని, దద్దుర్లు చూపించి రోగమని ఇంటికి వచ్చేశాడు. ఆమె నేను ఆడదాన్నని చెప్పి బయటపడింది. ఆ తర్వాత ఇద్దరూ కొండల్లో దొరల సైన్యం మీదే దెబ్బలు తీశారు. పటాలం పొగడ్తల్లో వీళ్ళు ఒక వింతగానే వస్తారు. మా లెక్కలో నాలుగో గడి నింపిన సిపాయిలు ఈ ఇద్దరే.

గెట్టీస్‌బర్గ్

1863 జూలై 1 మధ్యాహ్నం. పెన్సిల్వేనియా రాష్ట్రం, గెట్టీస్‌బర్గ్ ఊరి బయట చిన్న వాగు, వాగు దాటితే గట్టు మీద చెట్లు. చెట్ల మధ్య ఉత్తరాది 24వ మిషిగన్ పటాలం. 26వ పటాలం సుమారు 800 మందితో వాగు దాటింది. ఇరవై అడుగుల దూరం నుంచి ఒకరినొకరు కాల్చుకున్నారని చెబుతారు. జెండా పట్టినవాడు పడితే ఇంకొకడు, వాడు పడితే మరొకడు, పది మందికి పైగా పడ్డారు. చివరికి బర్గ్విన్ జెండా పట్టుకున్నాడు, గుండు తగిలి చచ్చాడు. ఇరవై ఒక్క ఏళ్ళు. తర్వాత జాన్ లేన్ పట్టాడు. మామూలు సిపాయిగా చేరి లెఫ్టినెంట్ కల్నల్ దాకా ఎదిగినవాడు. గుండు మెడలోంచి దవడలోంచి దూసుకుపోయింది. బతికాడు.

ఆ ఒక్క పూటలో 550 మందికి పైగా చావడమో గాయపడటమో జరిగింది. ఎఫ్ కంపెనీలో సుమారు 90 మంది దిగితే దాదాపు అందరూ నేలకొరిగారు. మిగిలినవాళ్ళను జూలై 3న మళ్ళీ మైలు దూరం మైదానంలో ఫిరంగులకు ఎదురు పంపారు. అదయ్యాక వందమంది కూడా నిలబడి లేరు. గెట్టీస్‌బర్గ్‌లో రెండు వైపులా కలిపి చూసినా ఇంతమందిని పోగొట్టుకున్న పటాలం మరొకటి లేదంటారు.

మూడు లెక్కలు రాసేవాళ్ళు ఇక్కడ ఆగిపోయి కళ్ళు తుడుచుకుంటారు. మేము ఇంకో రెండు పేర్లు అడుగుతాం.

ఒకటి. బర్గ్విన్ వెంట కిన్చెన్ అనే బానిస ఉన్నాడు. దొరబిడ్డ బట్టలు, గుర్రాలు చూసుకుంటూ యుద్ధమంతా వెంట తిరిగాడు. దొరబిడ్డ చచ్చాక ఆ గుర్రాలను, సామానును ఇంటికి చేర్చే పని కూడా అతనిదే అయింది. పటాలం హాజరుపట్టీలో సిపాయిగా అతని పేరు లేదు. ఇంటిపేరు అసలే లేదు. దొర రాతల్లో అతను చాలా ఏడ్చాడని మాత్రం ఉంది. అతని మాట అతని నోటితో ఎక్కడా లేదు. ఇలాంటివాళ్ళు, వంట చేసేవాళ్ళు, బళ్ళు తోలేవాళ్ళు, ఆ సైన్యంలో వేలమంది. వీళ్ళను చూపించి ఈ కాలంలో కొందరు "చూడండి, నల్లవాళ్ళు కూడా మా వైపు పోరాడారు" అంటున్నారు. చాకిరీకి లాక్కెళ్ళినవాణ్ణి సిపాయి అనడం ఏం న్యాయం?

రెండు. అదే సైన్యం ఆ జూన్ నెలలో పెన్సిల్వేనియాలోకి వస్తూ దారిలో కనబడ్డ నల్లవాళ్ళను పట్టి కట్టి దక్షిణానికి తోలింది. అక్కడే స్వేచ్ఛగా పుట్టిన ఆడవాళ్ళను, పిల్లలను కూడా. చేంబర్స్‌బర్గ్ ఊళ్ళో కళ్ళారా చూసిన తెల్లవాళ్ళే రాసి పెట్టారు. ఈ పటాలంవాళ్ళే పట్టారని మేము అనడం లేదు. ఆ సైన్యం గెలిస్తే ఏమయ్యేదో చెప్పడానికి ఆ తోలకం చాలు అంటున్నాం.

బానిసలు లేనివాడు ఎందుకు చచ్చాడు?

ఇక్కడే దొరల పక్షంవాళ్ళు గట్టి ప్రశ్న వేస్తారు. "వీళ్ళలో ఎక్కువమందికి బానిసలు లేరు. మరి బానిసత్వం కోసం పోరాడారని ఎట్లా అంటారు?" మంచి ప్రశ్నే. జవాబు చెప్పకుండా దాటేయకూడదు.

కొందరు అన్నదమ్ములు పోయారని పోయారు. కొందరు చట్టానికి భయపడి పోయారు. పారిపోతే కాల్చిపారేస్తారు. అయినా నార్త్ కరోలినా సిపాయిలు వేలమంది పారిపోయారు. ఇంటి దగ్గర ఆకలి. 1863 మార్చి 18న ఆ రాష్ట్రంలోని సాలిస్‌బరీ పట్నంలో సిపాయిల భార్యలు గొడ్డళ్ళు పట్టుకుని షావుకార్ల కొట్ల మీదికి పోయి పిండి బస్తాలు ఇప్పించుకున్నారు. పండినదాంట్లో పదోవంతు ప్రభుత్వానికి కొలవాలని అదే ఏడాది చట్టం వచ్చింది. ఇంత జరిగినా చాలామంది ఆఖరిదాకా నిలబడ్డారంటే భయం ఒక్కటే కారణం కాదు.

డుబాయిస్ అనే నల్లజాతి పండితుడు 1935లో రాసిన పెద్ద పుస్తకంలో దీనికి జవాబు చెప్పాడు. పేద తెల్లవాడికి చేతికొచ్చే కూలి తక్కువే. దానికి తోడు ఇంకో కూలి ముట్టేది, మనసుకి ముట్టే కూలి. నువ్వు తెల్లవాడివి, ఎంత పేదవాడివైనా నీ కింద ఒకడున్నాడు. వాడు నిన్ను చూసి దారి తొలగాలి. ఈ కూలికి దొరకి పైసా ఖర్చు లేదు. రెండెకరాల తెల్లవాడు రెండువేల ఎకరాల దొరకోసం చచ్చింది ఈ కూలికే. నల్లవాడు లేచి నిలబడితే తన కాళ్ళకింద మెట్టు పోతుందని భయపడ్డాడు. ఆ మెట్టు తన తలమీద కూడా ఉందని చూడలేదు.

ఇది చదువుతుంటే మీకు మీ ఊరు గుర్తొస్తే మేమేం చెయ్యలేం.

న్యూ బెర్న్‌లో ఇంకో పటాలం

ఇప్పుడు మళ్ళీ న్యూ బెర్న్‌కి వద్దాం. 26వ పటాలం ఓడి పారిపోయిన ఆ పట్నంలోకి ఏం జరిగింది? చుట్టుపక్కల తోటల్లోంచి బానిసలు రాత్రికి రాత్రి బయల్దేరి వేలాదిగా వచ్చి చేరారు. పడవల్లో, చిత్తడి నేలల్లో, పిల్లల్ని చంకనేసుకుని. వాళ్ళను ఎవరూ పిలవలేదు, తామే నడిచొచ్చారు. 1863లో అదే పట్నంలో వాళ్ళతో ఒక పటాలం కట్టారు. మొదటి నార్త్ కరోలినా నల్ల పటాలం. తర్వాత దానికి 35వ నంబర్ ఇచ్చారు.

వాళ్ళ తరఫున ముందుండి మాట్లాడినవాడు ఏబ్రహాం గాలవే. అదే రాష్ట్రంలో బానిసగా పుట్టి, 1857లో ఓడ అడుగున దాక్కుని పారిపోయినవాడు. ఉత్తరాది అధికారులతో బేరం పెట్టాడు. మా వాళ్ళు తుపాకీ పట్టాలంటే సమాన జీతం ఇవ్వాలి, సిపాయిల కుటుంబాలను చూడాలి, పిల్లలకు బడి పెట్టాలి, మావాళ్ళు శత్రువుకి చిక్కితే యుద్ధఖైదీలుగా చూసేలా చెయ్యాలి అని. దండం పెట్టి చేరలేదు, షరతులు పెట్టి చేరారు.

బడి అన్న షరతు దగ్గర మేము కాసేపు ఆగాం. బానిసకు చదువు, రాత నేర్పితే శిక్ష అని 1830లోనే నార్త్ కరోలినా చట్టం చేసింది. నేర్పినవాడు తెల్లవాడైతే జరిమానా, జైలు. నల్లవాడైతే కొరడా దెబ్బలు. అట్లాంటి చోట పుట్టినవాడు తుపాకీతో పాటు పలక అడిగాడు.

అడిగినవన్నీ వెంటనే రాలేదు. తెల్ల సిపాయికి నెలకు 13 డాలర్లు, నల్ల సిపాయికి 10, అందులోనూ బట్టలకని 3 కోత. 1864 జూన్‌లో గాని పార్లమెంటు సమానం చెయ్యలేదు. అయినా 1864 ఫిబ్రవరి 20న ఫ్లోరిడాలో ఒలస్టీ దగ్గర ఆ న్యూ బెర్న్ పటాలం నెత్తురు చిందించింది. యుద్ధం ముగిసేలోగా ఉత్తరాది సైన్యంలో సుమారు 1 లక్షా 79 వేల మంది నల్ల సిపాయిలు పనిచేశారు.

1865 ఏప్రిల్ 9న వర్జీనియాలో అపొమాటక్స్ దగ్గర దొరల సేనాపతి లీ లొంగిపోయాడు. 26వ పటాలంలో అప్పటికి మిగిలింది సుమారు 130 మంది. ఆ పొద్దున లీ సైన్యానికి దారి మూసి నిలబడ్డవాళ్ళలో నల్ల పటాలాలు కూడా ఉన్నాయి. పుస్తకాల్లో ఈ ముక్క చిన్న అక్షరాల్లో ఉంటుంది.

ఓడినవాళ్ళు మళ్ళీ ఎట్లా గెలిచారు?

యుద్ధం పోయింది, బానిసత్వం పోయింది. 1868లో నల్లవాళ్ళు ఓటేశారు. గాలవే ఆ రాష్ట్ర సెనేట్‌కి గెలిచాడు. 1870లోనే, ముప్పై మూడేళ్ళకే చనిపోయాడు. అదే ఏడాది ఫిబ్రవరిలో గ్రాహం పట్నంలో వయట్ అవుట్‌లా అనే నల్ల నాయకుణ్ణి ముసుగు దొంగలు కోర్టు ముందే చెట్టుకి ఉరితీశారు. 1877లో పాత కల్నల్ వాన్స్ మళ్ళీ గవర్నర్ అయ్యాడు. 1898 నవంబర్ 10న విల్మింగ్టన్ పట్నంలో తెల్లవాళ్ళు తుపాకులతో వచ్చి ఎన్నికైన మునిసిపాలిటీని కూలదోశారు, నల్లవాళ్ళ పత్రిక ఆఫీసు తగలబెట్టారు, మనుషులను చంపారు.

1900లో ఓటుకి చదువు పరీక్ష పెట్టారు. ఏ రాష్ట్రంలో చదువు నేర్పితే కొరడా దెబ్బలో, ఆ రాష్ట్రంలోనే చదువు రాదని ఓటు తీసేశారు. మరి చదువురాని తెల్లవాళ్ళ సంగతి? 1867కి ముందు వాడి తండ్రికో తాతకో ఓటుంటే పరీక్ష అక్కర్లేదు. ఇదే ఆ మనసుకి ముట్టే కూలి, చట్టం కాగితం మీద రాసి ఇచ్చారు. ఓటుకి పన్ను కూడా పెట్టారు, అది పేద తెల్లవాణ్ణి కూడా కొట్టింది. మెట్టు కింద మెట్టు ఎప్పుడూ అంతే.

మూడేళ్ళకి, 1903 జూలైలో, గెట్టీస్‌బర్గ్‌లో సభ జరిగింది. దవడలో గుండు తిన్న జాన్ లేన్‌ని, ఆ గుండు కాల్చానన్న మిషిగన్ సిపాయి చార్లెస్ మెక్‌కానెల్‌ని వేదిక మీద కలిపారు. ఇద్దరు ముసలాళ్ళు చేతులు కలిపారు. జనం కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. ఇద్దరు శత్రువులు కలిస్తే మాకూ సంతోషమే. కానీ ఆ వేదిక మీద మూడో మనిషి లేడు. ఎవడి స్వేచ్ఛ కోసం యుద్ధం ముగిసిందో వాడికి అప్పటికే ఓటు లేదు. ఇద్దరి చేతుల మధ్య నలిగింది వాడే.

ఇక బొమ్మల సంగతి. రాలీలో అసెంబ్లీ ముందు 1895లో స్తంభం లేపారు. అషెవిల్లో వాన్స్ పేరు మీద ఇంకోటి. యూనివర్సిటీలో 1913లో ఒక సిపాయి బొమ్మ పెట్టారు. ఆ సభలో జూలియన్ కార్ అనే షావుకారు, యుద్ధం నుంచి వచ్చిన కొత్తల్లో అక్కడికి దగ్గర్లోనే ఒక నల్ల ఆడమనిషిని కొరడాతో కొట్టానని గొప్పగా చెప్పుకున్నాడు. బొమ్మలు ఎందుకు పెట్టారో అంతకంటే విడమరిచి చెప్పక్కర్లేదు. అవుట్‌లాని ఉరితీసిన కోర్టు ముందు కూడా 1914లో ఒకటి నిలబెట్టారు.

ఏళ్ళ తరబడి ఎదిరించాక, 2018లో విద్యార్థులు, జనం కలిసి యూనివర్సిటీ బొమ్మను లాగి పడేశారు. 2020లో రాలీ స్తంభం దించారు. 2021లో వాన్స్ స్తంభం కూల్చారు. ఆ రాష్ట్రంలోనే ఫోర్ట్ బ్రాగ్ అనే పెద్ద సైనిక స్థావరం ఉంది. దొరల పక్షం సేనాని పేరని 2023లో మార్చారు. 2025లో అదే ఇంటిపేరున్న వేరే సిపాయి పేరని చెప్పి మళ్ళీ బ్రాగ్ అన్నారు. చూశారా, పేరు కోసం ఎంత తిప్పలు పడతారో. చరిత్ర చచ్చిన సంగతి అయితే దాని పేరు కోసం ఇంత గుంజులాట ఎందుకు?

మనకెందుకు?

ఇప్పుడు ముందు వాయిదా వేసిన జవాబు. ఇది మనం కొత్తగా తెచ్చిపెట్టుకున్న చుట్టరికం కాదు. ఆ యుద్ధం ముగిసిన ఎనిమిదేళ్ళకే, 1873లో, మహాత్మా ఫూలే తన గులాంగిరి పుస్తకాన్ని బానిసత్వాన్ని పోగొట్టిన అమెరికా మంచి మనుషులకు అంకితమిచ్చాడు. పూనాలో కూర్చుని ఆ యుద్ధంలో నాలుగో గడి చూసినవాడు ఆయన. 1946లో బాబాసాహెబ్ అంబేద్కర్ డుబాయిస్‌కి ఉత్తరం రాశాడు. అమెరికా నల్లవాళ్ళు ఐక్యరాజ్యసమితికి పెడుతున్న అర్జీ నకలు కావాలని అడిగాడు. పెద్దవాళ్ళు వేసిన దారి అది. మనం దాని మీద నడుస్తున్నాం, అంతే.

మా అభిప్రాయం సూటిగా చెబుతాం. 26వ పటాలంలో చచ్చిన రైతుబిడ్డల మీద మాకు కోపం లేదు. చాలామంది ఇరవై ఏళ్ళ లోపు పిల్లలు. వాళ్ళ తల్లుల ఏడుపూ ఏడుపే. కానీ వాళ్ళ చావును చూపించి వాళ్ళను చంపించిన దొరల పనిని గొప్ప చేస్తే ఒప్పుకోం. సిపాయి మీద జాలి వేరు, జెండాకి దండం వేరు. ఈ రెంటినీ కలిపి ముద్ద చేసి మన నోట్లో పెట్టేవాళ్ళు ప్రతి దేశంలోనూ ఉన్నారు.

కాబట్టి సంఘం నడిపే తమ్ముళ్ళకి, చెల్లెళ్ళకి ఒక మాట. రాత్రిబడిలో చరిత్ర చెప్పేటప్పుడు, ఏ వీరగాథ చెప్పినా నాలుగు గడులూ గీయండి. ఎంతమంది, ఎంతమంది చావు, జెండా ఎక్కడిదాకా, ఎవరి కోసం. నాలుగో గడి పిల్లల చేత నింపించండి. కిన్చెన్ లాంటివాడి పేరు ఎక్కడన్నా తగిలితే పట్టీలో మొదటి వరసలో రాయించండి. ఆ పేరు పిలిచాక "హాజర్" అని చెప్పాల్సింది మనమే.